గణిత వాటిక: ఆరవ మెట్టు



పెద్ద సంఖ్యలు మనకు కొత్తవి కావు. సంస్థ వార్షిక నివేదికలో అమ్మకాలు కోట్లలో ఉంటాయి, ఉత్పత్తి లక్షల టన్నులలో ఉంటుంది. అటువంటి సంఖ్యలను పరిమాణం కోసమే చదువుతాము. నిరుటి కంటె పెరిగిందా, తగ్గిందా అని చూసి పుట తిప్పుతాము. ఆ సంఖ్యకంటూ ఒక స్వభావం ఉంటుందన్న ఆలోచన మనకు రాదు. ఈ నెల మాత్రం పరిమాణాన్ని పక్కన పెట్టి, స్వభావం వల్లనే గణిత చరిత్రలో స్థానం సంపాదించుకొన్న ఒక సంఖ్యను మీకు పరిచయం చేయదలచాము. అది 4,29,49,67,297.

నాలుగు వందల ఇరవైతొమ్మిది కోట్ల నలభైతొమ్మిది లక్షల అరవైయేడు వేల రెండు వందల తొంభైయేడు. మొత్తం పది అంకెలు. చూడడానికి ఎవరిదో టెలిఫోను నంబరు వలె ఉన్నది. అయినా ఒక మహా గణితవేత్త విశ్వాసం ఈ సంఖ్య మీద నిలిచి ఉండేది. తొంభైరెండేళ్ల తరువాత ఒక యువకుడు చేసిన భాగహారంతో అది కూలిపోయింది. ఆ కథతో పాటు, అందులో మన పనిపాటలకు పనికివచ్చేది ఏమున్నదో కూడా చూద్దాము.

సంఖ్య పుట్టుక

2తో మొదలుపెట్టండి. 2ను 2తో గుణిస్తే 4. వచ్చినదానిని దానితోనే గుణిస్తే 16. మరల అట్లే చేస్తే 256. ఆ తరువాత 65,536. ఐదవసారి 4,29,49,67,296. అంటే 2ను ముప్పైరెండు సార్లు వేసి గుణించగా వచ్చే 2³² అన్నమాట. దీనికి ఒకటి కలిపితే మన కథానాయకుడు సిద్ధం.

ముప్పైరెండు గుణకారాలను ఐదు వర్గాలతో ముగించే ఈ ఉపాయం మన దేశానికి చిరపరిచితమే. క్రీస్తుకు పూర్వమే పింగళుడు ఛందశ్శాస్త్రంలో దీనిని సూత్రబద్ధం చేశాడు. ఒక పాదంలో ఇన్ని అక్షరాలు ఉంటే గురు లఘువులను ఎన్ని విధాలుగా అమర్చవచ్చును అన్నది ఆయన ప్రశ్న. ఒక్కొక్క అక్షరానికి రెండేసి అవకాశాలు కనుక, అక్షరాలు ఎన్నో అన్నిసార్లు 2ను గుణించాలి. ఆయన చెప్పిన పద్ధతి ఇది: అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేయి, బేసి అయితే ఒకటి తీసివేయి, సున్న వచ్చిన తరువాత వెనుకకు నడుస్తూ, ఒకటి తీసివేసిన చోట రెట్టింపు చేయి, సగం చేసిన చోట వర్గం చేయి. అనుష్టుప్ శ్లోకంలో నాలుగు పాదాలకు కలిపి ముప్పైరెండు అక్షరాలు. ఛందోనియమాలను పక్కన పెట్టి లెక్కించితే ఆ ముప్పైరెండు అక్షరాల గురు లఘు విన్యాసాలు సరిగా 4,29,49,67,296.

గురువును 1గా, లఘువును 0గా రాసుకొంటే ఇదే కంప్యూటరు భాష అవుతుంది. ముప్పైరెండు బిట్ల యంత్రం ఒక్క గడిలో పట్టించుకోగల అతి పెద్ద పూర్ణసంఖ్య 4,29,49,67,295. ఇంటర్నెట్టు మొదటి తరం చిరునామాలు కూడా ముప్పైరెండు బిట్లవే కనుక మొత్తం చిరునామాలు 4,29,49,67,296. ఆనాడు తరగని నిధి అనుకొన్న ఆ సంఖ్య చాలక, ప్రపంచ కేంద్ర నిల్వలోని చివరి భాగాలను 2011 ఫిబ్రవరిలో పంచివేయవలసి వచ్చింది.

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, తరువాతి గడిలో రెండు, ఆపైన నాలుగు అంటూ రెట్టింపు చేసుకొంటూ పోయే కథ మన ఇండ్లలో తెలియనివారు ఉండరు. ఆ పలకలో సగభాగం, అంటే ముప్పైరెండు గడులు నిండేసరికి గింజలు 4,29,49,67,295. మొత్తం అరువదినాలుగు గడులు నిండితే 1,84,46,74,40,73,70,95,51,615. సగం పలక గింజలను మన 4,29,49,67,297తో గుణించి చూడండి. సరిగా మొత్తం పలక గింజలు వస్తాయి. సగానికి, పూర్తికి మధ్య నిలిచిన గుణకం మన సంఖ్యే.

ఐదు సాక్ష్యాలు

తనతోను, ఒకటితోను తప్ప మరి దేనితోను శేషం లేకుండా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని పిల్లలు ఆరవ తరగతిలోనే నేర్చుకొంటారు. పైన మనము ఎక్కిన వర్గాల మెట్లలో ఒక్కొక్క మెట్టుకు ఒకటి కలపండి. 2కు కలిపితే 3. 4కు కలిపితే 5. 16కు కలిపితే 17. 256కు కలిపితే 257. 65,536కు కలిపితే 65,537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే.

ఫ్రాన్సు దేశంలోని తులూజ్ నగర న్యాయస్థానంలో పదవిలో ఉంటూ, తీరిక వేళలలో గణితం చేసిన ఫెర్మా ఈ ఐదింటినీ చూశాడు. ఇట్లు ఎన్ని మెట్లు ఎక్కినా ఒకటి కలిపితే ప్రధాన సంఖ్యే వస్తుందన్న విశ్వాసాన్ని 1640లో తన లేఖలలో ప్రకటించాడు. అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలన్న పేరు వచ్చింది. మన 4,29,49,67,297 ఆరవ మెట్టు.

ఫెర్మా పక్షాన ఒక మాట చెప్పడం న్యాయం. నిరూపణ తన వద్ద లేదని ఆయన దాచలేదు. ఎన్నో భాజకాలు పనికిరావని తేల్చివేశాను కనుకనే ఇంత నమ్మకం కలిగిందని రాశాడు. ఆయన చేసిన తనిఖీ నిజమే, అయితే అది సంపూర్ణం కాలేదు. పైగా ఆయనకు అంతటి కీర్తి ఉండడం వల్ల ఆ మాట తొంభై ఏళ్లు చెక్కుచెదరక నిలిచిపోయింది.

తనిఖీకి ఎంత శ్రమ?

మన సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడానికి ఎంత పని చేయాలో లెక్క వేద్దాము. ఏ సంఖ్యనైనా రెండు కారణాంకాలుగా విడదీయగలిగితే అందులో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. మన సంఖ్య వర్గమూలం 65,536 కంటె అణుమాత్రమే ఎక్కువ. కనుక 65,536 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలును. అవి 6,542 ఉన్నవి. ఒక్కొక్కటి పది అంకెల భాగహారం. కాగితం, కలం తప్ప వేరు సాధనం లేని రోజులలో ఇది నెలల తరబడి చేయవలసిన చాకిరీ. అంత దూరం వెళ్లడానికి ఎవరూ సాహసించకపోవడంలో వింత లేదు.

కాని వింత మరొక చోట ఉన్నది. మన సంఖ్యను శేషం లేకుండా భాగించే తొలి ప్రధాన సంఖ్య 641. ప్రధాన సంఖ్యల వరుసలో దాని స్థానం నూటపదహారు. 2, 3, 5, 7 అంటూ మొదటినుండి వరుస తప్పకుండా భాగించినవారికి నూటపదహారవ భాగహారంలో సమాధానం దొరికేది. 6,542 అన్న సంఖ్యను చూసి జంకినవారికి నిజం అంత దగ్గరలో ఉన్నదని తెలియదు.

ఆయిలర్ భాగహారం

1729 డిసెంబరు 1న గోల్డ్‌బాక్ అన్న గణితవేత్త మాస్కో నుండి సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయిలర్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఫెర్మా ప్రతిపాదన మీకు తెలుసునా అని దాని చివర అడిగాడు. స్విట్జర్లాండులో పుట్టి రష్యాకు వచ్చి స్థిరపడిన ఆయిలర్ వయస్సు అప్పటికి ఇరవైరెండు. మొదట ఆయన పెద్దగా ఆసక్తి చూపలేదు. గోల్డ్‌బాక్ వదలలేదు. 1732 నాటికి ఆయిలర్ సమాధానం సిద్ధమయింది. ఇంట్లో పిల్లలు కాగితం మీద సరిచూచుకొనేందుకు వీలుగా ఆ గుణకారాన్ని ఇక్కడ ఇస్తున్నాము.

67,00,417 × 600 = 4,02,02,50,200
67,00,417 × 40 = 26,80,16,680
67,00,417 × 1 = 67,00,417
మూడింటి మొత్తం = 4,29,49,67,297

అంటే 4,29,49,67,297 = 641 × 67,00,417. ఆరవ మెట్టు విరిగింది. ఫెర్మా ప్రతిపాదన ఐదు ఉదాహరణలలో నిజమై, ఆరవదానిలో వీగిపోయింది. ఇక ఏడవది, ఎనిమిదవది ఏమైనా కానీ, ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందన్న వాక్యం మాత్రం నిలువదు.

వెదికే చోటు తెలిస్తే

ఆయిలర్ 641ని ఊరకనే తడుముకొని పట్టుకొన్నాడని అనుకోరాదు. తప్పు ఉంటే అది ఏ రూపంలో ఉండాలి అని ముందుగా ఆలోచించడం ఆయన పద్ధతి. తరువాతి సంవత్సరాలలో దీనికి నిరూపణ కూడా ఇచ్చాడు. దానిని కొంత ఓపికతో చదివితే హైస్కూలు విద్యార్థికి కూడా అర్థమవుతుంది.

2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకొంటూ పోయి, ప్రతిదానిని ఒక బేసి ప్రధాన సంఖ్యతో భాగించి శేషాలు రాసుకొంటే అవి ఒక చక్రంగా తిరుగుతాయి. ఉదాహరణకు 17తో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 16, 15, 13, 9, 1. ఎనిమిదవ అడుగులో 1 వచ్చింది; ఇక మరల 2, 4, 8 అంటూ మొదలవుతుంది. ఈ చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గించగా వచ్చేదానిని శేషం లేకుండా భాగిస్తుంది. ఇక్కడ 8 అన్నది 16ను భాగించినట్లే. ఈ సూత్రాన్ని చెప్పినవాడు ఫెర్మాయే, అదీ 1640లోనే.

ఇప్పుడు ఒక ప్రధాన సంఖ్య మన 2³² + 1ని భాగిస్తుందని అనుకొందాము. అంటే 2³²కు శేషం, ఆ ప్రధాన సంఖ్య కంటె ఒకటి తక్కువ. దానిని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1 అవుతుంది. ముప్పైరెండవ అడుగులో 1 రాలేదు, అరువదినాలుగవ అడుగులో వచ్చింది. కనుక చక్రం పొడవు సరిగా 64. అందువల్ల ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గిస్తే 64 యొక్క గుణిజం రావాలి. 64 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యలను రాసుకొంటే 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదవ ప్రయత్నంలోనే దొంగ దొరికాడు!

1878లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకా ఈ వలను మరింత బిగించాడు. 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలిపినవి చూస్తే చాలునని నిరూపించాడు. అప్పుడు 641 లోపు మిగిలే ప్రధాన సంఖ్య 257 ఒక్కటే. 6,542 భాగహారాలు 116 అయినవి, 116 కాస్తా 5 అయినవి, 5 కాస్తా 2 అయినవి. సంఖ్య మారలేదు, చేతులు మారలేదు; వెదకవలసిన చోటు మాత్రం స్పష్టమయింది. మిగిలిన 67,00,417 ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడానికి కూడా ఇదే వల పనికివస్తుంది. దాని వర్గమూలం 2,588 దాటిన కొద్దిపాటి. ఆ లోపు పరీక్షింపవలసిన ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 అన్న ఐదే. ఐదింటిలో ఏదీ భాగించదు కనుక 67,00,417 ప్రధాన సంఖ్యే.

ఈ ఐదు భాగహారాలకు పనికివచ్చే సూత్రం ఫెర్మా చేతిలోనే ఉన్నది. తన ఆయుధం తన ఒరలోనే ఉండగా, 641 ఆయన కన్నుగప్పి ఎట్లు పోయిందన్నది చరిత్రకారులను నేటికీ ఆశ్చర్యపరిచే విషయం. లెక్కలో ఎక్కడో అంకె తప్పిందని కొందరి అభిప్రాయం.

641 ఎందుకు భాగిస్తుంది?

గుణించి చూశాము, సరిపోయింది. అంతటితో తృప్తి పడనివారికోసం అసలు కారణం చెబుతాము. పెద్ద భాగహారం ఒక్కటి కూడా చేయకుండా దీనిని చూపవచ్చును. 641లో రెండు రహస్యాలు ఉన్నవి. ఒకటి, 641 = 5 × 128 + 1. రెండు, 641 = 625 + 16.

మొదటి రహస్యం ప్రకారం 5 × 128 = 640. 640ని వర్గం చేస్తే 641 × 639 + 1 వస్తుంది. అంటే 641తో భాగిస్తే శేషం 1. దానిని మరల వర్గం చేసినా శేషం 1 మాత్రమే. కనుక 640ని నాలుగుసార్లు వేసి గుణించగా వచ్చేది 641 గుణిజం కంటె ఒకటి ఎక్కువ. దానినే విడదీసి రాస్తే, 5ను నాలుగుసార్లు గుణించగా 625, 128ని నాలుగుసార్లు గుణించగా 2²⁸. కనుక అది 625 × 2²⁸.

రెండవ రహస్యం ప్రకారం 625 అంటే 641 − 16. కనుక 625 × 2²⁸ = 641 × 2²⁸ − 16 × 2²⁸. 16 × 2²⁸ అన్నది 2³² కదా. అంటే 641 గుణిజం నుండి 2³² తీసివేస్తే, 641 గుణిజం కంటె ఒకటి ఎక్కువ అయిన సంఖ్య వచ్చింది. ఆ 2³²ను, ఆ ఒకటిని ఒకే వైపుకు చేర్చండి: 2³² + 1 తప్పక 641 గుణిజమే. ఇందులో ఊహకు గాని, నమ్మకానికి గాని చోటు లేదు. ఐదు ఉదాహరణలకు, ఒక నిరూపణకు మధ్య ఉన్న దూరం ఇదే.

పొరుగువారి సంగతి

మన సంఖ్యకు రెండు తక్కువైన 4,29,49,67,295ను విడదీస్తే ఒక అందమైన సంగతి బయటపడుతుంది. అది 3 × 5 × 17 × 257 × 65,537. అంటే ముందున్న ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం! కనుక ఆ ఐదింటిలో దేనితో భాగించినా మన సంఖ్యకు శేషం 2 వస్తుంది. ఇది అన్ని మెట్లకూ వర్తించే ధర్మం: కింది మెట్లన్నిటినీ గుణించి 2 కలిపితే పై మెట్టు వస్తుంది. అందువల్ల ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రతి మెట్టూ కనీసం ఒక కొత్త ప్రధాన సంఖ్యను తేవలసిందే కనుక ప్రధాన సంఖ్యలకు అంతం లేదని కూడా దీనితో తేలిపోతుంది. చూడండి, ఫెర్మా ఆశించినట్లు మెట్లన్నీ ప్రధాన సంఖ్యలు కాకపోయినా, అవి ప్రధాన సంఖ్యలకు గని అయినవి.

ఈ ఐదు సంఖ్యలకు జ్యామితిలో మరొక గౌరవం దక్కింది. 1796 మార్చి 30న జర్మనీకి చెందిన గాస్, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకముందే, కొలతలు లేని బద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చునని కనుగొన్నాడు. 17 ఫెర్మా ప్రధాన సంఖ్య కావడమే దీనికి మూలం. 1837లో వాంజెల్ అన్న ఫ్రెంచి గణితవేత్త ఈ నియమానికి రెండవ వైపు కూడా నిరూపించాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు, అది ఫెర్మా ప్రధాన సంఖ్య కాని, వేరు వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కాని అయితేనే గీయడం సాధ్యం. మనకు తెలిసిన ఐదింటితో ఇట్టి బేసి బహుభుజులు 31 మాత్రమే ఏర్పడుతాయి. వాటిలో అతి పెద్దదానికి 4,29,49,67,295 భుజాలు. మన సంఖ్య ప్రధాన సంఖ్య అయి ఉంటే అన్ని భుజాల బహుభుజి కూడా ఈ పట్టికలో చేరేది. 641 వల్ల ఆ అవకాశం పోయింది. ఇక హెర్మెస్ అన్న జర్మన్ పండితుడు 65,537 భుజాల బహుభుజి నిర్మాణాన్ని రాయడానికి పదేళ్లు వెచ్చించాడు. ఆ రాతప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో భద్రపరచబడింది.

ఆపై మెట్లు

ఆయిలర్ తరువాత ఎనభై ఏళ్లకు మన సంఖ్య మరొకసారి వార్తలకు ఎక్కింది. అమెరికాలో 1804లో పుట్టిన జెరా కోల్‌బర్న్ అన్న బాలుడిని 1812లో లండనుకు తీసుకువచ్చి ప్రదర్శనలు ఇప్పించారు. 4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, ఎనిమిదేళ్ల ఆ బాలుడు కాగితం ముట్టకుండానే 641 భాగిస్తుందని చెప్పాడట.

ఏడవ మెట్టుకు ఇరవై అంకెలు. దానిని 1880లో ఫ్రాన్సుకు చెందిన లాండ్రి విడదీశాడు. 2,74,177 అందులో చిన్న కారణాంకం. అప్పటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. పదవీ విరమణ చేసిన మా పాఠకులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించ ప్రార్థన. ఎనిమిదవదానికి 1970 వరకు, తొమ్మిదవదానికి 1980 వరకు, పదవదానికి 1990 వరకు ఆగవలసి వచ్చింది. ఇవి కంప్యూటర్ల సహాయంతో సాధించినవి. పన్నెండవది 1988లోను, పదకొండవది 1995లోను లొంగినవి. పదమూడవది మొదలు ఏదీ ఇంతవరకు పూర్తిగా విడివడలేదు. అయితే విడదీయకుండానే ప్రధాన సంఖ్య కాదని తేల్చే పరీక్షలు ఉన్నవి. వాటి వల్ల ఆరవ మెట్టు నుండి ముప్పైమూడవ మెట్టు వరకు ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదని తెలిసింది. ఇరవైఒకటవ, ఇరవైఐదవ మెట్లు ప్రధాన సంఖ్యలు కావని తెలుసును గాని, వాటి కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. ముప్పైనాలుగవది ఏమిటన్నది తేలలేదు. ఫెర్మా చూచిన ఐదే నేటికీ మనకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు. అన్నీ ప్రధానాలే అని ఆయన అన్నాడు. ఆయన చూచిన ఐదు తప్ప మరొక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు.

మనకేమి?

కర్మాగారంలో, కార్యాలయంలో మనము రోజూ చేసే పనిలో ఈ కథ మారురూపంలో ఎదురవుతూనే ఉంటుంది. వరుసగా ఐదు నమూనాలు పరీక్షలో నెగ్గితే ఆరవది చూడబుద్ధి కాదు. ఇదివరకు ఎన్నడూ చెడని యంత్రం ఈ పూట కూడా చెడదని అనిపిస్తుంది. పై అధికారి సంతకం చేసిన లెక్కను మరల కూడి చూడడం అమర్యాదగా తోస్తుంది. నమూనా పరీక్ష నిరర్థకమని మేము అనడం లేదు. అది ఎంత నమ్మవచ్చునో చెబుతుంది, పూర్తిగా నమ్మమని చెప్పదు. ప్రాణాలతో ముడిపడిన చోట, ఒత్తిడి భరించే అతుకు వంటి చోట, ఒక్కొక్కదానినీ విడివిడిగా పరీక్షించే నియమం పెట్టడం ఇందుకే. ఆ నియమాన్ని విసుగుగా కాక, గతంలో ఎవరో ఆరవ మెట్టు మీద జారిపడగా నేర్చిన పాఠంగా చూడడం మంచిది.

ఇందులో పెద్దలను కించపరచడం ఏమీ లేదు. ఫెర్మా కీర్తికి 641 వల్ల వెంట్రుకవాసి లోటు రాలేదు. సరిచూచిన ఆయిలర్ వాడినది కూడా ఫెర్మా ఇచ్చిన సూత్రమే. సరిచూడడమంటే అనుమానించడం కాదు. చెప్పినవారు తమ పనిని ఎక్కడ ఆపారో అక్కడినుండి దానిని ముందుకు తీసుకుపోవడం. అట్లు సరిచూడవలసిన పనిని చూసి భయపడేముందు, తప్పు ఎక్కడ ఉండే అవకాశం ఉన్నదో ఒక్క నిమిషం ఆలోచిస్తే 6,542 భాగహారాలు రెండుగా తగ్గవచ్చును కూడా.

పిల్లలకు అభ్యాసం

ఒకటి: 4,29,49,67,297ను 17తో భాగిస్తే శేషం 2 వస్తుందని, పెద్ద భాగహారం చేయకుండా, పైన ఇచ్చిన శేషాల చక్రం సహాయంతో చూపండి.

రెండు: ఏదైనా ఒక సంఖ్యను తీసుకొని, దాని తరువాతి సంఖ్యతో గుణించి, 41 కలపండి. 1 తీసుకొంటే 43, 2 తీసుకొంటే 47, 3 తీసుకొంటే 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసను 1772లో వెలుగులోకి తెచ్చినవాడు మన ఆయిలరే. అయితే ఇది ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యలనే ఇస్తుందా? ఇవ్వకపోతే తొలిసారి ఎక్కడ తప్పుతుంది? అన్నింటినీ భాగించి చూడనవసరం లేదు. తప్పు ఎక్కడ దాగి ఉండగలదో ముందుగా ఆలోచించండి. ఐదుసార్లు సరిపోయింది కదా అని మాత్రం ఆగిపోవద్దు.